బంపరుకు పంటి వైద్యం

ఆ ఆదివారం పొద్దున్న పళ్ల డాక్టరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కారు వెనక బంపరు మీద వేలెడంత గీత ఒకటుంది. దాన్ని కాస్త రుద్ది, కాస్త రంగు చల్లి, మామగారు తిరిగొచ్చేలోపల చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనివాడిలా పేపరు చదువుతూ కూర్చోవాలి. లోకంలో పెద్ద పెద్ద అనర్థాలన్నీ ఇలాంటి చిన్న ప్రణాళికలతోనే మొదలవుతాయన్న సంగతి అతనికి తెలియదు. అతని దగ్గరికి పన్ను చూపించుకోవడానికి వచ్చేవాళ్లకు మాత్రం బాగా తెలుసు.

కారు మామగారిది. మామగారు డ్రైవింగ్ స్కూలు నడిపి రిటైరైన మనిషి. ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే కాబట్టి చిన్నా పెద్దా అందరూ ఆయన్ని మాస్టారనే అంటారు. కొన్ననాటి నుంచీ ఆ కారు మీద ఒక్క గీత పడలేదన్నది మాస్టారి జీవితానికంతటికీ సారాంశం. కొత్తవాళ్లు పరిచయమైతే ముందు ఆ మాట చెప్పి, ఆ తరవాతే తన పేరు చెబుతారు. ఆయనకు రూలొకటి ఉంది. బండిని నిలిపేటప్పుడే మళ్లీ బయల్దేరడానికి సిద్ధంగా నిలపాలి. అందుకని గేట్లోంచి రివర్సులో వచ్చి, వెనక బంపరు ప్రహరీ గోడకు ఆనీ ఆనకుండా ఆపుతారు. గోడకీ బంపరుకీ మధ్యనున్న ఆ కాస్త సందులో అత్తగారు పూలకుండీలు వరసగా పేరుస్తారు. కారు వెనక భాగం ఎలా ఉంటుందో వీధిలో చాలామంది చూసి ఎరగరు. క్రమశిక్షణ అంటే అలా ఉండాలని మాత్రం అందరూ చెప్పుకుంటారు.

ఆ కారు తాళం మాస్టారు ఎవరికీ ఇవ్వరు. భార్యకు ఇవ్వలేదు. కూతురికి ఇవ్వలేదు. పెళ్లయిన నాటి నుంచీ పైవాటాలో కాపురముంటూ, వీధివైపు గదిలో ఆస్పత్రి నడుపుకుంటున్న అల్లుడికి అసలే ఇవ్వలేదు. అటువంటిది నిన్న సాయంత్రం మోకాలు పట్టేసి, మందు తెచ్చే దిక్కులేక, జేబులోంచి తాళం తీసి అల్లుడి చేతిలో పెట్టారు. "జాగ్రత్త బాబూ, నా పరువు నీ చేతిలో పెడుతున్నా" అన్నారు కూడా.

డాక్టరు ఆ పరువును సందులూ గొందులూ దాటించి, మార్కెట్టు రద్దీలోంచి తప్పించి, ఇంటి గేటు దాకా భద్రంగా తీసుకొచ్చాడు. అక్కడ రూలు గుర్తొచ్చింది. బండి తిప్పి, రివర్సు గేరు వేసి, మెడ వెనక్కి తిప్పి చూస్తూ లోపలికి వస్తుండగా గేటు స్తంభం "గర్ర్‌ర్" అంది. దిగి చూస్తే గీత. బండిని గోడకు చేర్చి, కుండీలు అడ్డం పెట్టి, లోపలికెళ్లి తాళం తిరిగిచ్చేశాడు.

"ఎలా ఉంది బండి?" అన్నారు మాస్టారు.

"వెన్నలా ఉంది మావయ్యగారూ."

మాస్టారు అల్లుణ్ణి ఎగాదిగా చూసి, తాళం మళ్లీ అతని చేతిలోనే పెట్టారు. "నీ దగ్గరే ఉంచు. వారానికోసారి నువ్వే తియ్యి. నాకు తరవాత ఈ బండిని చూసుకునేవాడంటూ ఉండాలిగా" అన్నారు. డాక్టరు తాళం జేబులో వేసుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో అతను మర్యాదలు అందుకున్నాడేగాని, నమ్మకం అందుకోవడం అదే మొదటిసారి. ఆ నమ్మకం మీద అప్పటికే వేలెడంత గీత పడి ఉంది. రాత్రంతా నిద్రపడితే ఒట్టు.

దానికి తోడు ఇవాళే ప్రమాదరహిత చోదకుల సంఘంవాళ్లు మాస్టారికి పతకం ఇస్తున్నారు. పొద్దున్న సంఘం హాల్లో సభ. సాయంత్రం సంఘాధ్యక్షుడు స్వయంగా ఇంటికొచ్చి మాస్టారినీ ఆ గీతపడని కారునీ కలిపి ఫోటో తీస్తారట. ఆ ఫోటో సంఘం హాల్లో శాశ్వతంగా వేలాడుతుందట. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంఘంవాళ్లు పంపిన బండెక్కి వెళ్లారు. వాళ్లటు వీధి మలుపు తిరిగారో లేదో డాక్టరు కుండీలు పక్కకు జరపడం మొదలుపెట్టాడు.

"నాన్నకి ఉన్నమాట చెప్పేస్తే పోయేదానికి ఇదంతా ఎందుకండీ?" అంది అతని భార్య వాకిట్లోకి వచ్చి.

"మెళ్లో పతకంతో వచ్చిన మనిషికి గీత చూపించమంటావా? ఆయన గుండె ఆగిపోతుంది. తరవాత నా గుండె మీ అమ్మ ఆపేస్తుంది."

"పోనీ పెయింటరుకి ఇవ్వచ్చుగా?"

"ఆదివారం షెడ్లన్నీ మూత. అయినా ఇదేమన్నా బ్రహ్మవిద్యా? గీకడం, నింపడం, నున్నగా చెయ్యడం. నేను రోజూ చేసే పనేగా."

"మీరు రోజూ చేసేది నోట్లో."

"ఇదే నయం. మధ్యలో నోరు ముయ్యదు."

సగం షట్టరు దించి ఉన్న రంగుల కొట్టు ఒకటి దొరికింది. కొట్టాయన గరుకు కాగితాలు, పుట్టీ డబ్బా, రంగుకి ముందు చల్లే ప్రైమరు, కారు నీలానికి సరిపోయే స్ప్రే డబ్బా కట్టిచ్చి, పని ఎలా చేయాలో కూడా చెప్పాడు. "ముందు సబ్బునీళ్లతో బాగా కడగండి. జిడ్డుంటే రంగు పట్టదు. ఆ తరవాత గీత చుట్టూ రుద్దండి. పాత రంగు అంచు వేలికి తగలకూడదు, అదొక్కటే గుర్తుపెట్టుకోండి. అంచు తగిలిందా, పైన ఎంత రంగు కొట్టినా గీత కనబడుతుంది. అంచు పోయాక ప్రైమరు, అదారాక రంగు. అంతే, గంటలో పని."

పాపం, కొట్టాయన మామూలు మనుషుల వేలును దృష్టిలో పెట్టుకుని చెప్పాడు. ఎదురుగా నిలబడింది పళ్ల డాక్టరని అతనికేం తెలుసు? వారం కిందట తిన్న పల్లీ ముక్క ఏ పన్ను సందులో దాక్కుందో కళ్లు మూసుకుని పట్టేసే వేలు అది. ఆ వేలికి అంచు తగలకుండా చేయడం మనుషులకు సాధ్యమయ్యే పని కాదు.

డాక్టరు మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు, నుదుటికి లైటు తగిలించుకున్నాడు. బండిని స్టూలు పట్టేంత మేర ముందుకు జరిపి, ఆస్పత్రిలోంచి చక్రాల స్టూలు తెచ్చుకుని బంపరు ముందు కూర్చున్నాడు. దాని మీద మెల్లిగా చెయ్యేసి, "నొప్పేమీ ఉండదు" అన్నాడు.

"ఎవరితోనండీ?" అంది భార్య.

"అలవాటు."

కడిగాడు. తుడిచాడు. కాగితం తడిపి రుద్దాడు. గీత పోయింది. అక్కడితో లేచి ప్రైమరు కొట్టేసి ఉంటే ఈ కథ లేదు. అతను కళ్లు మూసుకుని వేలితో తడిమాడు. అంచు తగిలింది. ఇంకాస్త రుద్దాడు. ఇంకో అంచు తగిలింది. నీలం కింద బూడిదరంగు రావాలి, వచ్చింది. దాని కింద బంపరు ప్లాస్టిక్కు రావాలి. వచ్చింది మాత్రం ఇంకో నీలం. మొదటిదానికంటే కొంచెం ముదురు. దాన్నీ రుద్దితే పసుపుపచ్చగా, పొడిపొడిగా ఏదో బయటపడింది. డాక్టరు ఆస్పత్రిలోకి పరిగెత్తి, పళ్లు మీటి చూసే ఉక్కు పుల్ల తెచ్చి దానితో తట్టాడు. పక్కన తడితే టకటక, ఇక్కడ తడితే డబడబ.

"పాత ఫిల్లింగ్!" అని కేక పెట్టాడు.

ఇక్కడ అతని వృత్తిలోని ఒక జబ్బు గురించి చెప్పాలి. పళ్ల డాక్టరుకు ఎవరో నింపిన పాత పుట్టీ కనబడితే, దాని కింద ఏముందో చూడకుండా మూయలేడు. మూస్తే అన్నం సహించదు. గట్టి చోటు తగిలేదాకా తవ్వాల్సిందే. వేలెడంత గీత కోసం కూర్చున్నవాడు, లోపలికెళ్లి పళ్లను తొలిచే చిన్న మిషను వైరుతో సహా పట్టుకొచ్చాడు.

'జుయ్' మన్న ఆ చప్పుడుకు ప్రహరీ గోడ మీద ఒక బట్టతల లేచింది. పక్కింటి సర్వేయరుగారిది. బీమా కంపెనీలో దెబ్బతిన్న బండ్లు చూసి చూసి రిటైరైన ఆయన, ఆ తరవాత దెబ్బతినని బండ్లలో కూడా దెబ్బలు చూడటం నేర్చుకున్నారు.

"ఏం డాక్టరుగారూ, బంపరుకి పుచ్చు పట్టిందా?"

"మెల్లిగా మాట్లాడండి. ఇటు చూడండి, రంగు కింద రంగుంది. దాని కింద పుట్టీ ఉంది. ఈ కారు మావయ్యగారు కొత్తదని కొన్నారు కదా? ఒక్క గీత కూడా పడలేదు కదా? మరిదెక్కణ్ణించి వచ్చింది?"

సర్వేయరుగారి కళ్లు మెరిశాయి. "ఇంకెక్కణ్ణించి? కొత్తదని చెప్పి దెబ్బతిన్న బండి అంటగట్టారు. మాస్టారు అమాయకులు. ఇంకొంచెం తవ్వండి."

డాక్టరు ఇంకొంచెం తవ్వాడు. పసుపుపచ్చ పుట్టీ పెచ్చు ఊడి కింద పడింది. దాని కింద మళ్లీ నీలం. ఆ నీలం కింద ఈసారి గులాబీరంగు పుట్టీ.

"రెండు పొరలు! ఏదో లారీ గుద్దిన బండి ఇది. నేను రాసిస్తాను" అన్నారు సర్వేయరుగారు.

గులాబీ పుట్టీ కూడా కదిలింది.

"లారీ కాదు, బోల్తా కొట్టింది. ఒకటికి రెండు పల్టీలు" అని ఆయన తీర్పు సవరించారు.

భార్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "పాపం నాన్న! ఒక్క గీత లేదు, ఒక్క గీత లేదని ఇన్నాళ్లూ ఎంత మురిసిపోయాడు! బోల్తా కొట్టిన బండికా ఇవాళ పతకం తెచ్చుకుంటున్నాడు?"

సరిగ్గా అప్పుడే అత్తగారు కాఫీ పట్టుకుని వాకిట్లోకి వచ్చారు. బంపరు మీద అరచేయంత గుంట, గుంట అడుగున గులాబీరంగు చూశారు.

"అల్లుడుగారూ, ఇంక చాలండి. పైన ఏదో ఇంత పూసేసి మూసెయ్యండి."

"కుళ్లు లోపల పెట్టి పైన పూస్తే ఎలా అత్తయ్యగారూ? మావయ్యగారికి జరిగిన మోసం బయటపడాలి."

"మోసం ఎవరికి జరగదండీ సంసారంలో? కాఫీ తాగి రెస్టు తీసుకోండి."

అత్తగారిది ఎంత మంచి మనసో అనుకుని డాక్టరు కాఫీ తాగి మళ్లీ కూర్చున్నాడు. కాసేపటికి ఇంకో కాఫీ వచ్చింది. ఆ తరవాత ఇంకోటి వచ్చింది. కాఫీలకు లొంగడని తేలాక వాకిట్లో కుళాయి నీళ్లు ఆగిపోయాయి. తడి లేకుండా రుద్దితే బంపరు మీద గీతలు పడతాయి. డాక్టరు అంతటితో ఆగే రకమా? రోగుల నోట్లో నీళ్లు చిమ్మే సిరంజి తెచ్చుకుని దానితో చుక్క చుక్క వేసుకుంటూ పని సాగించాడు.

కింది అంచు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దూరలేదు. బంపరు ఊడదీయక తప్పదన్నాడు. "పన్నే కదా, కాస్త వదులు చేసి లాగితే వస్తుంది" అని రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా అటూ ఇటూ ఆడించాడు. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్కు క్లిప్పులు పటపటా విరిగాయి. బంపరు వచ్చేసింది. దాంతోపాటు డాక్టరు కూడా వెల్లకిలా వెళ్లి పూలకుండీల మధ్య పడ్డాడు.

వంటింటి స్టూళ్లు రెండు తెచ్చి బంపరును వాటి మీద పడుకోబెట్టారు. గుంట అడుగున ఎట్టకేలకు గట్టి ప్లాస్టిక్కు తగిలింది. డాక్టరు మొహం వికసించింది. ఇక పుట్టీ నింపడమే. ఈలోపల ప్రైమరు డబ్బా సరిగ్గా చిమ్ముతుందో లేదో చూద్దామని దాన్ని బాగా ఊపి, మూత తీసి గాల్లోకి నొక్కాడు. డబ్బా నోరు ఎటు తిరిగి ఉందో చూసుకోలేదు. ఆ తుంపర గోడవైపు వెళ్లింది. అక్కడ సర్వేయరుగారు ఇంకా బాగా చూద్దామని తల ముందుకు చాచి ఉన్నారు.

ఆ రోజు మొత్తానికి ప్రైమరు ఎక్కడన్నా సమంగా, నున్నగా, అంచు తగలకుండా పడిందంటే అది ఆయన బట్టతల మీదే.

"నీళ్లు! నీళ్లు!" అంటూ సర్వేయరుగారు గోడ చుట్టూ తిరిగి గేట్లోంచి పరిగెత్తుకొచ్చారు. కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. సిరంజిలో నీళ్లు కనుబొమలకే చాలలేదు. చూస్తుండగానే ఆరిపోయింది. "త్వరగా ఆరుతుందని కొట్టాయన చెప్పాడండీ" అని డాక్టరు ఓదార్చబోయాడు. భార్య ఒక తువ్వాలు తెచ్చి ఆయన తలకు చుట్టింది.

అంతలో గేటు ముందు ట్యాక్సీ ఆగింది. దాంట్లోంచి మాస్టారు దిగారు. సాయంత్రం రావలసిన మనిషి మధ్యాహ్నమే వచ్చేశారు. మెళ్లో పతకం, ఒళ్లంతా చెమట. కుంటుకుంటూ గబగబా గేటు దాటి వచ్చి, బంపరు లేని కారును చూసి ఆగిపోయారు.

డాక్టరు జేబులోని తాళం మణుగు బరువు తూగింది. ఇంక దాచి లాభం లేదు. మాస్కు కిందికి లాగాడు. "మావయ్యగారూ... నిన్న... గేటు స్తంభం..."

"మాస్టారూ, మీరు ఘోరంగా మోసపోయారు!" అన్నారు సర్వేయరుగారు తువ్వాలు సర్దుకుంటూ.

"నాన్నా, నువ్వు ముందు కూర్చో. మంచినీళ్లు తాగు. లేవుగానీ, కూర్చో" అంది కూతురు.

మాస్టారు ఎవరి మాటా వినిపించుకోలేదు. తిన్నగా అల్లుడి దగ్గరికి వచ్చి, చెవిలో నోరు పెట్టి, "ఎంత లోతుకి వెళ్లావు బాబూ?" అన్నారు.

డాక్టరుకు అర్థం కాలేదు. "మొత్తం తీసేశానండీ."

"పసుపుపచ్చ పుట్టీ తగిలిందా?"

"తగిలింది. మీకెలా తెలుసు?"

మాస్టారు చక్రాల స్టూలు మీద కూలబడ్డారు. అది ఆయన్ని ఎక్కించుకుని గోడదాకా దొర్లింది. అక్కణ్ణించే చెప్పారు. "ఆ పసుపుపచ్చది నాదే. మీ అత్తయ్య చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, కొత్త బ్యాచీవాళ్లకి పాఠం చెబుతూ కొట్టేశాను. ఇదిగో, ఆ గేటు స్తంభానికే."

"ఏం పాఠం నాన్నా?" అంది కూతురు.

"స్తంభానికి తగలకుండా రివర్సు చెయ్యడం ఎలాగో."

ఎవరూ నవ్వలేదు. ఆపుకోవడానికి డాక్టరు మాస్కు మళ్లీ పైకి లాక్కోవలసి వచ్చింది.

"పొరుగూరు తీసుకెళ్లి గుట్టుగా బాగుచేయించాను. రంగు మాత్రం ఒక పిసరు తేడా వచ్చింది. మామూలుగా తెలీదు, ఏటవాలు ఎండ పడితే తెలుస్తుంది. అప్పట్నుంచీ ఎండ ఉండగా బండిని బయటికి తీస్తే ఒట్టు. ఎవరికీ తాళం ఇవ్వందీ అందుకే. ఇవాళ ఆ అధ్యక్షుడు సభలో ఏమన్నాడో తెలుసా? సాయంత్రం ఎండలో, వెనక బంపరుకి పతకం తగిలించి ఫోటో తీస్తాడట! చప్పట్లు ఇంకా ఆగకముందే ట్యాక్సీ ఎక్కేశాను." ఆయన పతకాన్ని చేత్తో మూసుకున్నారు. "పిల్లలందరికీ ఒక్క గీత లేదు, ఒక్క గీత లేదని చెప్పుకుంటూ వచ్చాను బాబూ. నీ దగ్గర తలెత్తుకోలేను."

డాక్టరుకు జాలేసింది, సంతోషమూ వేసింది. సంతోషమే కాస్త ఎక్కువ వేసింది. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ తవ్వినదాన్ని సగంలో వదలడం అతని చేతకాదు.

"మరి దాని కింద ఉన్న గులాబీరంగు పుట్టీ ఏమిటి మావయ్యగారూ?"

"గులాబీయా?" మాస్టారు తలెత్తారు. "నాకు గులాబీ సంగతి తెలీదే?"

ఒక పూలకుండీ నేల మీద గరగరమని జరిగింది. అందరూ అటు తిరిగారు. అత్తగారు వంగి, బాగానే ఉన్న కుండీని సర్దుతున్నారు.

"ఆ గులాబీది నాదండీ" అన్నారు తల ఎత్తకుండానే.

"నీదా? నీకు డ్రైవింగు రాదు కదే!"

"మీరు నేర్పలేదు. రాదని ఎవరన్నారు?"

"నేను కాక ఈ ఊళ్లో ఇంకెవరు నేర్పుతారు?"

అత్తగారు చీర కుచ్చిళ్లు దులుపుకున్నారు. "ఎదురు వీధి డ్రైవింగ్ స్కూలాయన."

మాస్టారు మెళ్లో పతకాన్ని గట్టిగా పట్టుకున్నారు. "గీత పడిందంటే ఓర్చుకున్నాను. బంపరు ఊడిందంటే ఓర్చుకున్నాను. వాడి దగ్గరా? క్లచ్చు మీద కాలు పెట్టి నిద్రపోయేవాడి దగ్గరా?"

"మరి మీరేమన్నారు? కారు కొన్న కొత్తలో నేర్పండని బతిమాలితే, జన్మెత్తితే నీకు స్టీరింగు చేతకాదని అందరిలో అన్నారు. ఊరందరికీ నేర్పారు, నాకొక్కదానికి నేర్పడానికి మీకు మనసొప్పలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది." అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే తుడిచేసుకున్నారు. "మీరు స్కూలు బండిలో పాఠాలకి వెళ్లగానే, బీరువాలో దాచిన రెండో తాళంతో నేను దీన్ని తీసేదాన్ని. కూరగాయలూ దీంట్లోనే తెచ్చాను, పిల్లని బళ్లో దింపిందీ దీంట్లోనే."

"అవును నాన్నా, రిక్షాలో వెళ్తున్నామని చెప్పమనేది" అంది కూతురు. అన్నాక నాలిక్కరుచుకుంది.

"మరి బండి పెట్టినచోట పెట్టినట్టు ఉండేదే!"

"కుండీలు ఎందుకు పెట్టాననుకున్నారు? ఆ గుర్తుల్ని బట్టే ఆపేదాన్ని. ఒక్కరోజు ఒక కుండీ పగిలింది, కొత్తది తెచ్చేదాకా గుర్తు లేక ఆ స్తంభానికి తగిలించాను. ఆ స్కూలాయనే మీరొచ్చేలోపల పుట్టీ పెట్టించి రంగు వేయించాడు."

"రివర్సులోనేనా?"

"రివర్సులోనే. మీ రూలు నేనెప్పుడన్నా తప్పానా?"

ముగ్గురూ గేటు స్తంభం వైపు చూశారు. అది తనకేమీ తెలియనట్టు నిటారుగా నిలబడి ఉంది. "అంటే ఇంట్లో దాన్ని గుద్దనిదాన్ని నేనొక్కదాన్నే అన్నమాట. నాకివ్వాలి పతకం" అంది కూతురు. "తాళం ఎవరన్నా ఇస్తే కదే" అన్నారు తల్లీ తండ్రీ ఒకేసారి. సర్వేయరుగారు మాత్రం బోల్తా సంగతి ఇంకా వదల్లేక, "పోనీ, ఈ ముగ్గురికీ ముందు..." అని ఏదో అనబోయి, ఎవరూ వినకపోవడంతో ఆగిపోయారు.

అప్పుడే హారను మోగింది. మెళ్లో పతకంతో మాస్టారు పారిపోతే ఏ ఆపద ముంచుకొచ్చిందోనని సంఘాధ్యక్షుడు కెమెరాతో సహా వెనకాలే వచ్చేశారు. ఆయన కారు గేట్లోంచి ముక్కుసూటిగా లోపలికి దూసుకొచ్చి ఆగింది.

"లోపలికి రివర్సులో రావాలి" అని గొణిగారు మాస్టారు. అంత కష్టంలోనూ.

కూతురు చటుక్కున ఆరేసిన దుప్పటి లాగి బంపరు మీద కప్పింది. సర్వేయరుగారు పరిస్థితి గ్రహించి వెళ్లి దాని ముందు నిలబడ్డారు. అధ్యక్షుడు దిగి మాస్టారిని చూశారు, తలకు తువ్వాలు చుట్టుకున్న సర్వేయరుగారిని చూశారు.

"వీరి తలకేమైంది?"

"మా అల్లుడు డాక్టరండీ. ఆయన వైద్యం" అన్నారు మాస్టారు.

"పళ్ల డాక్టరు కదూ?"

అధ్యక్షుడు కారు వెనక్కి నడిచారు. వంగి చూశారు.

"మాస్టారూ, దీని బంపరేదీ?"

మాస్టారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆయన్ని అలా చూసేసరికి డాక్టరుకు తన భయం గుర్తు రాలేదు. తప్పు తన నెత్తిన వేసుకోవడమే న్యాయమనిపించింది. ఎలాగూ మూడోవంతు తనదే. గ్లౌజులు విప్పి ముందుకొచ్చి, "అధ్యక్షా, అది నేను..." అని మొదలుపెట్టాడు.

"తీసేయించారండీ" అన్నారు అత్తగారు అడ్డొచ్చి, ఎంతో మామూలుగా. "కొన్నప్పట్నుంచీ దాంతో ఒక్కసారన్నా పని పడితేగా? ఊరికే బరువు."

అధ్యక్షుడు నోరు వెళ్లబెట్టారు. కాసేపటికి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "మా సంఘంలో ఇంతమంది ఉన్నాం. బంపరు వదులుకునే ధైర్యం ఒక్కడికీ లేదు మాస్టారూ!" అని మాస్టారిని కౌగలించుకున్నారు. పతకం ఇద్దరి మధ్యా నలిగింది.

ఫోటోకు కారు గోడకు మరీ దగ్గరగా ఉంది, రెండడుగులు ముందుకు రావాలన్నారు. మాస్టారు చెయ్యి చాపారు. డాక్టరు జేబులోంచి తాళం తీసి ఇచ్చాడు. మాస్టారు దాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుని, భార్య చేతిలో పెట్టారు. అత్తగారు ఎక్కి కూర్చున్నారు. సీటు జరుపుకున్నారు. అద్దం సరిచేసుకున్నారు. కారు కుదుపన్నది లేకుండా కదిలి, అధ్యక్షుడి కారుకు బెత్తెడు దూరంలో ఆగింది.

"అద్దం చూసుకుంది" అన్నారు మాస్టారు మెల్లిగా, అల్లుడితో. "వాడు బాగానే నేర్పాడు. నేనే నేర్పి ఉంటే ఇంకా బాగుండేది. నేర్పాల్సింది బాబూ." ఆ మాట అన్నాక ఆయనకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడినట్టు కనిపించింది.

లేని బంపరు పక్కన మాస్టారు, మాస్టారి పక్కన అత్తగారు నిలబడ్డారు. ఫోటో అయింది. మాస్టారు గుమ్మం పక్కనున్న మేకు చూపించి, "తాళం ఇక్కడ తగిలిస్తున్నాను. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోండి. స్తంభం ఎక్కడుందో అందరికీ తెలుసుగా" అన్నారు. డాక్టరుకు మళ్లీ నమ్మకం అందింది. ఈసారి గీత లేకుండా.

అధ్యక్షుడు సెలవు తీసుకుని కారెక్కారు. "లోపలికి రివర్సులో వచ్చి ఉంటే ఇప్పుడు సుఖంగా ఉండేది కదండీ" అన్నారు మాస్టారు, ఉండబట్టలేక.

"బయటికి రివర్సులో వెళ్లగలిగితేనే డ్రైవరు మాస్టారూ" అని నవ్వి, అధ్యక్షుడు గేరు వేసి, మెడ వెనక్కి తిప్పి, దర్జాగా చెయ్యి ఊపారు.

"గర్ర్‌ర్" అంది స్తంభం.

అధ్యక్షుడు దిగారు. తన బంపరును చూసుకున్నారు. వీధి అటూ ఇటూ చూశారు. తరవాత వాకిట్లోవాళ్లను చూశారు. అప్పటికే గాలికి దుప్పటి జారిపోయి, స్టూళ్ల మీద బంపరు నిండు గుంటతో దర్శనమిస్తోంది. ఆయన చూపు బంపరు మీది నుంచి పుట్టీ డబ్బా మీదికి, డబ్బా మీది నుంచి డాక్టరు మీదికి వెళ్లింది.

"సంఘంలో ఇది తెలిస్తే..." అని నీళ్లు నమిలారు.

"తెలీదు" అన్నారు మాస్టారు. "బాబూ, పుట్టీ ఏమన్నా మిగులుతుందా?"

డాక్టరు మాస్కు పైకి లాక్కుని, చక్రాల స్టూలు అటు దొర్లించుకుంటూ వెళ్లి, నొప్పేమీ ఉండదని అధ్యక్షుడికి చెప్పాడు.